14 ఏళ్ల పిల్లి తింటూనే చిక్కిపోతోంది. డాక్టరుకి చూపించాలా, వయసు అనుకుని ఊరుకోవాలా?

చుక్కవాళ్లమ్మ · ఆదివారం, రాత్రి 9:12

మా చుక్కకి 14 నిండాయి. ఇంట్లో పెత్తనమంతా దానిదే. మొన్న ఎత్తుకుంటే వెన్నెముక చేతికి గుచ్చుకున్నట్టు తగిలింది. తిండి మానలేదు. పైగా ఎప్పుడూ లేనిది తెల్లవారుజామునే గిన్నె దగ్గర నిలబడి ఒకటే గోల. నీళ్లు కూడా ఎక్కువే తాగుతోందనుకుంటా, లిట్టర్ ఇసుకలో మూత్రం గడ్డలు పెద్దవిగా వస్తున్నాయి. అలమారా మీదికి దూకడం మానేసింది. మావారిని అడిగితే "పెద్దదైపోయింది, నువ్వు మాత్రం అలమారా ఎక్కుతున్నావా" అన్నారు.

అసలు టెన్షన్ వేరే. బుట్ట కనబడితే చాలు, మంచం కింద దూరిపోతుంది. నాలుగేళ్ల క్రితం టీకాకి తీసుకెళ్తే దారంతా ఏడ్చింది, బుట్టలోనే ఒంటికి రెంటికీ పోయింది, ఇంటికొచ్చాక రెండు రోజులు నా మొహం చూడలేదు. మళ్లీ వెళ్లలేదు. ఈ వయసులో దాన్ని ఆ బాధ పెట్టాలా? ముసలి జంతువులున్నవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పండి.

తోకఊపు · ఆదివారం, రాత్రి 9:30

వెళ్లండి. బాగా తింటూ బరువు తగ్గడం వయసు లక్షణం కాదు. నాలుగేళ్ల నాటి చీటీ ఉంటే వెతికి పెట్టుకోండి, దానిమీద బరువు రాసి ఉంటుంది.

గోడమీదపిల్లి · ఆదివారం, రాత్రి 10:05

అందరూ వెళ్లమనే అంటారు కాబట్టి రెండోవైపు నేను చెప్తా. పోయినేడు మా పెద్దదానికి 16. తినడం తగ్గించింది. నెలలో ఐదుసార్లు తీసుకెళ్లాం. వెళ్లిన ప్రతిసారీ బొచ్చు గీయడం, రక్తం తీయడం, ఇంకో పరీక్ష రాయడం. చివరికి స్కాన్‌లో పేగుమీద గడ్డ కనబడింది. అప్పటికే అది నిలబడలేకపోతోంది. ఆఖరి మూడు వారాల్లో సగం బుట్టలో, సగం స్టీలు బల్లమీద గడిచిపోయింది. కిటికీ దగ్గర ఎండలో పడుకోవాల్సిన రోజులవి.

డాక్టరు తప్పు చేశాడని అనను. కానీ గడ్డ అని తెలిసి మేం చేసిందేమిటి? ఏమీ లేదు. మాకు తెలియడం కోసం అది తిరిగింది.

చుక్కవాళ్లమ్మ · ఆదివారం, రాత్రి 10:21

@గోడమీదపిల్లి, చదువుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయండి. నా భయం కూడా అచ్చం ఇదే.

తెల్లకోటు · సోమవారం, ఉదయం 6:50

పెంపుడు జంతువుల వైద్యమే నా వృత్తి. చూడకుండా జబ్బు పేరు చెప్పను, మందు మోతాదు అసలే చెప్పను. మిగతాది మాట్లాడుకుందాం.

గోడమీదపిల్లి గారి మాటని తేలిగ్గా తీసిపారేయలేం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడగని ప్రశ్న ఒకటుంది: "ఈ పరీక్షలో ఇలా వస్తే ఏం చేస్తారు, అలా వస్తే ఏం చేస్తారు?" రెంటికీ ఒకటే జవాబైతే ఆ పరీక్ష మానుకోవచ్చు. ఆపరేషన్ చేయించకూడదని ఇంట్లో ముందే నిర్ణయించుకుంటే, గడ్డ ఎంత పెద్దదో కొలవడానికి మూడోసారి స్కాన్ అనవసరం. ఈ ప్రశ్న అడిగితే డాక్టరు ఏమీ అనుకోడు. నిజానికి మాకు అదే సుఖం, మీరు ఎంతదూరం వెళ్లదలచుకున్నారో తెలుస్తుంది.

అయితే చుక్కది ఆ పరిస్థితి కాదు. 10 దాటిన పిల్లికి ఆకలి పెరిగి, బరువు తగ్గి, దాహం ఎక్కువైందంటే ముందు అనుమానించేవి థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, కిడ్నీలు నెమ్మదించడం, షుగరు. ఒక్కసారి తీసిన రక్తం, కాస్త మూత్రం, ఒక బీపీ రీడింగ్‌తో చాలావరకు తేలిపోతుంది. మూడింటికీ ఇంట్లో ఇచ్చుకోగల వైద్యం ఉంది. అంటే ఇక్కడ జవాబు తెలిస్తే చేసే పని మారుతుంది.

రిపోర్టులో కిడ్నీ అంకె నార్మల్ అని కనబడగానే హాయిగా ఊపిరి పీల్చుకోకండి. క్రియాటినిన్ అనే ఆ అంకె మామూలుగా కిడ్నీల పని నాలుగింట మూడొంతులు పోయాకగానీ గీత దాటదు. ఎస్‌డీఎంఏ అనే పరీక్ష ఇంకాస్త ముందే పసిగడుతుంది. అంతకంటే సులువైంది మూత్రం చిక్కదనం. నీళ్లలాంటి మూత్రం పోస్తున్న పిల్లి కిడ్నీలు బాగున్నాయని నేను వెంటనే ఒప్పుకోను.

బీపీ చూడమని మీరే అడగండి. పిల్లుల్లో బీపీ కూడా పట్టించుకోనంతకాలం పెరుగుతూ పోయి, ఒకరోజు కంటి లోపలి పొర (రెటీనా) ఊడిపోయి రాత్రికి రాత్రే చూపు పోవచ్చు. మా దగ్గరికి అలా వచ్చేవాటిలో చాలావాటికి అంతకుముందు ఒక్కసారైనా బీపీ చూసి ఉండరు.

గోడమీదపిల్లి · సోమవారం, ఉదయం 7:40

ఆ ప్రశ్న పోయినేడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. సరే.

బుట్టలోబామ్మ · సోమవారం, ఉదయం 11:15

బుట్ట సంగతి నాకు వదిలేయండి, మూడు పిల్లుల్ని ముసలితనం దాకా మోసినదాన్ని.

పిల్లికి భయం బుట్టంటే కాదమ్మా. ఏడాదికోసారి అటకమీంచి దిగే బుట్టంటే భయం. అది దిగిందంటే సూది ఉందని దానికి తెలుసు. కాబట్టి ఇవాళే దించి, కడిగి, ఎండబెట్టి, తలుపు ఊడదీసి హాల్లో ఒక మూల పెట్టేయండి. లోపల మీరు కట్టి విడిచిన పాత గుడ్డ పరవండి, ఉతకొద్దు. రోజూ దానికిష్టమైన తిండి ఒక ముక్క లోపల వేసి పట్టించుకోనట్టు వెళ్లిపోండి. "రా రా" అని పిలిచారో, మొత్తం చెడిపోయినట్టే. మా రెండోది పది రోజులకి దాంట్లో పడుకోవడం మొదలెట్టింది, మొదటిది మాత్రం చచ్చేదాకా ఎక్కలేదు. అన్నీ ఒక్కలాంటివి కావు.

పైమూత తెరుచుకునేది గానీ పై సగం ఊడొచ్చేది గానీ అయితే మంచిది. ముందు తలుపులోంచి లాగడం, బుట్టని తలకిందులు చేసి దులపడం రెండూ పాపమే. పైభాగం తీసేస్తే అడుగు సగంలో పిల్లి కూర్చునే ఉంటుంది, డాక్టరు అలాగే చూసేయొచ్చు. ముసలి కీళ్లకి అది చాలా హాయి.

మోసేటప్పుడు పిడి పట్టుకుని ఊపుకుంటూ నడవకండి. రెండు చేతులూ అడుగున పెట్టి, గుండెకి ఆనించుకుని పట్టుకోండి. పైన తువ్వాలు కప్పండి. కారైతే ముందు సీటు వెనక కిందభాగంలో బల్లపరుపుగా పెట్టండి. అక్కడికెళ్లాక నేలమీద పెట్టొద్దు, కుక్కలన్నీ వచ్చి ముక్కు పెడతాయి. కుర్చీమీద, మీవైపు తిప్పి. లోపల జనం ఉంటే ఫోన్ నంబరిచ్చి బయట కారులోనే కూర్చోండి, పిలుస్తారు.

తెల్లకోటు · సోమవారం, మధ్యాహ్నం 1:05

బామ్మగారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఇంత చేసినా భయం తగ్గని పిల్లులకి బయల్దేరే రెండు మూడు గంటల ముందు ఇంట్లోనే ఇచ్చే గాబాపెంటిన్ అనే మందు ఉంది. డాక్టర్ని ఫోన్‌లో అడగండి, కానీ "కిడ్నీ అనుమానం ఉంది" అని తప్పక చెప్పండి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. వేశాక కాస్త తూలుతుంది, ఎత్తులెక్కనివ్వకండి. మనుషుల సిరప్ మాత్రం ఎవరూ వాడొద్దు. కొన్నిటిలో తీపికోసం జైలిటాల్ వేస్తారు, అది కుక్కలకి విషం.

పిల్లి భయపడితే రక్తంలో షుగరు, బీపీ రెండూ ఎగబాకుతాయి. ప్రశాంతంగా తీసుకెళ్లమనేది అందుకు కూడా. లేని జబ్బుని మనమే పుట్టించుకుంటాం.

నిద్రలేనిరాత్రి · సోమవారం, రాత్రి 11:48

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది కుక్క, 13 ఏళ్లు. రాత్రి రెండింటికి లేచి ఇల్లంతా తిరుగుతుంది. తలుపు దగ్గరికెళ్లి తెరుచుకునే వైపు కాకుండా బందుల వైపు నిలబడి ఎదురుచూస్తుంది. ఒక్కోసారి మూలకెళ్లి గోడ చూస్తూ ఉండిపోతుంది, వెనక్కి రావడం తెలియనట్టు. పగలంతా నిద్ర. మాకు మాత్రం రాత్రీ లేదు పగలూ లేదు. ఇది కూడా చూపించాల్సిన విషయమేనా? డాక్టరుకి చెప్తే నవ్వుతారేమోనని.

నిర్వాహకుడు · మంగళవారం, ఉదయం 8:00

వేరే థ్రెడ్ అక్కర్లేదు, ఇక్కడే కొనసాగించండి. శీర్షికలో "పిల్లి" ఉన్నా విషయం ఒకటే.

తెల్లకోటు · మంగళవారం, ఉదయం 8:35

@నిద్రలేనిరాత్రి, ఎవరూ నవ్వరండి. మనుషుల్లో మతిమరుపు జబ్బులాంటిదే కుక్కల్లోనూ ఉంది. మీరు చెప్పిన తలుపు బందుల సంగతి దాదాపు పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఒక అధ్యయనంలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల వాటిలో 68 శాతానికి ఇలాంటి లక్షణం ఒకటైనా కనబడింది. అంత మామూలు విషయం, కానీ చెప్పేవాళ్లు తక్కువ.

అయితే ఆ పేరు పెట్టేముందు మిగతావి చూడాలి. కీళ్లనొప్పికి పడుకోలేక తిరగొచ్చు. చూపో వినికిడో తగ్గి, చీకట్లో కంగారు పడొచ్చు. మూత్రానికి లేవొచ్చు. వీటికి మందుంది కాబట్టి వీటినే ముందు వెతుకుతాం. రాత్రి తిరిగేటప్పుడు రెండు నిమిషాల వీడియో తీసి తీసుకెళ్లండి. పగలు మా గదిలోకి వచ్చాక అన్ని కుక్కలూ బుద్ధిమంతులే. ఈలోపు నడవాలో చిన్న లైటు వేసి ఉంచండి, సామాను స్థానం మార్చకండి, జారే నేలమీద పట్టాలు పరవండి.

తోకఊపు · మంగళవారం, ఉదయం 10:10

వీడియో మాటకి వంద దండాలు. మా లాబ్రడార్ 12 ఏళ్లప్పుడు ఒక ఉదయం లేవగానే తల ఒక పక్కకి వాల్చి, గిరగిరా తిరిగి పడిపోయింది. కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. పక్షవాతం, అయిపోయింది అనుకున్నాం. మా అన్నయ్య అయితే ఎక్కడ పాతిపెట్టాలో కూడా మాట్లాడేశాడు. డాక్టరు చూసి, ముసలి కుక్కలకి లోపలి చెవి దగ్గర బ్యాలెన్స్ తప్పి ఇలా రావడం ఉందనీ, చాలావరకు కొన్ని రోజుల్లో తగ్గుముఖం పడుతుందనీ చెప్పారు. వాంతి ఆగడానికి మందిచ్చారు. మూడో రోజుకి నడిచింది, మూడు వారాలకి మామూలైంది. తల కొంచెం వంకరగానే ఉండిపోయింది, ఫోటోల్లో ఏదో ప్రశ్న అడుగుతున్నట్టు కనిపించేది. ఆ తర్వాత ఇంకో ఏడాదిన్నర మాతోనే ఉంది.

చూడగానే "అయిపోయింది" అనిపించినవన్నీ అయిపోయినవి కావు. మామూలుగా అనిపించినవన్నీ మామూలువీ కావు. ఆడకుక్క, ఆపరేషన్ కానిది, ఎదకి వచ్చిన కొన్ని వారాలకి నీళ్లు తెగ తాగుతూ నీరసపడితే ఆరోజే పరుగెత్తాలి. గర్భసంచిలో చీము పట్టొచ్చు. అది కూడా వయసే అనుకుని మా పక్కింటివాళ్లు నాలుగు రోజులు ఆగారు. ఇక చెప్పను.

రెండుచెవులు · మంగళవారం, సాయంత్రం 5:22

కుందేలు ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట. మత్తిచ్చే ముందు కుక్కనీ పిల్లినీ కడుపు ఖాళీగా తెమ్మంటారు. కుందేలుకి అలా పస్తు పెట్టకూడదు. అది వాంతి చేసుకోలేదు, పైగా తిండి ఆగితే పేగు కదలడం ఆగిపోతుంది. రిసెప్షన్‌లో అలవాటు కొద్దీ అన్నిటికీ ఒకటే సూచన చెప్తారు, డాక్టర్ని అడిగి ఖాయం చేసుకోండి.

పెరటిగుమ్మం · మంగళవారం, రాత్రి 9:03

నేనో వెధవపని చేశాను, ఇంకెవరూ చేయకుండా రాస్తున్నా. మా కుక్కకి తుంటినొప్పి. ఆదివారం కదా అని నా నడుం నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ సగం వేశా. సగమే కదా అనుకున్నా. మర్నాడు నల్లటి వాంతి. మూడు రోజులు సెలైన్లు. బతికింది. ఆస్పత్రిలో "ఏమైనా వేశారా" అని అడిగితే మొదట సిగ్గుపడి లేదన్నాను. ఆ అబద్ధంవల్ల ఒక గంట పోయింది. మీరు వేసింది వేసినట్టు చెప్పేయండి.

తెల్లకోటు · మంగళవారం, రాత్రి 9:40

ధైర్యంగా రాసినందుకు థాంక్స్. పిల్లులకైతే పారాసెటమాల్ ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు. వాటి కాలేయం దాన్ని విరిచేయలేదు, రక్తం ఆక్సిజన్ మోయడం మానేస్తుంది, చిగుళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. కీళ్లనొప్పికి జంతువుల కోసం వేరే మందులున్నాయి, వాటికీ ముందు కిడ్నీ, కాలేయం చూసి ఇస్తాం.

చుక్కవాళ్లమ్మ · బుధవారం, మధ్యాహ్నం 2:15

శనివారం మొదటి వేళ ఇచ్చారు. బరువు తగ్గుతోంది కాబట్టి పది రోజులు బుట్ట అలవాటు చేసే వ్యవధి లేదన్నారు. గాబాపెంటిన్ రాశారు. బుట్ట హాల్లోనే ఉంది, చుక్క దూరంనుంచి దాన్ని తిట్టినట్టు చూస్తోంది. డాక్టరుకి ఏమేం చెప్పాలి? అక్కడికెళ్తే నాకు నోరు పెగలదు.

చీటీలపుస్తకం · బుధవారం, మధ్యాహ్నం 3:30

నోరు పెగలకపోతే కాగితం మాట్లాడుతుంది అక్కా. నేను ఇద్దరు ముసలాళ్లని ఇలాగే నెట్టుకొచ్చాను, ఒక కుక్క, ఒక పిల్లి.

నీళ్లు కొలువు. "ఎక్కువ తాగుతోంది" అంటే డాక్టరుకి ఏం తెలుస్తుంది? పొద్దున కొలగ్లాసుతో పోసి, మర్నాడు అదే వేళకి మిగిలింది తీసెయ్యి. పిల్లికి కిలో బరువుకి రోజుకి 50 మిల్లీలీటర్లు దాటితే, కుక్కకి 100 దాటితే ఎక్కువ కిందే లెక్క. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే ఆ ఒక్కరోజు వేరే గదిలో ఉంచు.

బరువు నువ్వు దాన్ని ఎత్తుకుని తూకం ఎక్కి, తర్వాత నువ్వొక్కదానివే ఎక్కి తీసెయ్. కచ్చితంగా రాదు కానీ నెలనెలా పోల్చుకోవడానికి చాలు. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గితే మనకి కంటికి ఆనదు. 60 కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టు అది.

మందులన్నీ ఫోటో తీసుకో, బలానికని వేసే పొడులు కూడా. దగ్గు, కుంటడం, మూర్ఛ లాంటివి ఉంటే వీడియో. నిద్రపోయేటప్పుడు ఒక నిమిషం పొట్ట ఎన్నిసార్లు పైకి లేచిందో లెక్కపెట్టు. కుక్కైనా పిల్లైనా 30 లోపు ఉండాలి. మా కుక్కకి గుండె కవాటం జబ్బు. ఒక రాత్రి 44 వచ్చింది, దగ్గు లేదు, ఆయాసమూ కనబడలేదు, లెక్కే చెప్పింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం మొదలైందట. ఆ రాత్రే మందు పడింది.

ఆఖర్న, నీకు అన్నిటికంటే భయంగా ఉన్న ప్రశ్న కాగితం మీద మొదట రాయి. చివర్లో రాస్తే అడగకుండానే లేచి వచ్చేస్తాం.

మెత్తనిగడ్డ · బుధవారం, రాత్రి 8:10

మా కుక్కకి పొట్టమీద మెత్తటి గడ్డలు మూడు. కొవ్వు గడ్డలే అని చేత్తో నొక్కి చెప్పేశారు. నమ్మొచ్చా?

తెల్లకోటు · బుధవారం, రాత్రి 8:25

చాలాసార్లు కొవ్వే అవుతుంది. కానీ చేతికి కొవ్వులా తగిలే క్యాన్సర్ గడ్డలూ ఉన్నాయి. సన్నసూదితో కొంచెం తీసి గాజుపలకమీద చూడటం అయిదు నిమిషాల పని, మత్తు కూడా అక్కర్లేదు. అడిగి చేయించుకోండి.

చుక్కవాళ్లమ్మ · శనివారం, రాత్రి 8:50

వెళ్లొచ్చాం!!

నీళ్లు కొలిస్తే 230 మిల్లీలీటర్లు. పాత చీటీలో బరువు 4.6, ఇవాళ 3.4. రోజూ చూస్తూ ఎలా కనిపెట్టలేదో నాకే అర్థం కావట్లేదు. మావారు ఆ అంకె విని బయటికెళ్లి నిలబడ్డారు.

గాబాపెంటిన్ వల్ల దారిలో రెండుసార్లే అరిచింది. పై సగం ఊడదీస్తే అక్కడే ముడుచుకు కూర్చుంది, డాక్టరమ్మ మెడ తడిమి, కంట్లోకి లైటు వేసి, తోకకి చిన్న పట్టీ చుట్టి బీపీ చూశారు. అయిదారుసార్లు తీసి సగటు కట్టారు, 190 దగ్గర వచ్చింది. 180 దాటితే కళ్లకీ మెదడుకీ ప్రమాదమట. కంటిపొర బాగానే ఉంది. ఇంకెన్నాళ్లు బాగుండేదో. ఇవాళే బీపీ మందు ఆమ్లోడిపిన్ మొదలు. రక్తం రిపోర్టు సోమవారం.

అలమారా ఎక్కకపోవడం కూడా వయసు కాదన్నారు, కీళ్లు. 12 దాటిన పిల్లుల్లో ఎక్స్‌రే తీస్తే నూటికి తొంభైకి అరుగుదల కనబడిందని చెప్పారు. అవి కుంటవు, మూలగవు, ఎక్కడం మానేస్తాయంతే.

ఇప్పుడు కొత్త గొడవ. మా చిన్నది, గుండు, దీన్ని చూసి బుసలు కొడుతోంది! ఆరేళ్లు కలిసి పడుకున్నవాళ్లు!

బుట్టలోబామ్మ · శనివారం, రాత్రి 9:05

ఆస్పత్రి వాసనమ్మా. పిల్లులు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది ముక్కుతోనే. ఈ రాత్రికి వేరే గదిలో ఉంచి, గుండు పడుకునే గుడ్డతో చుక్కని మెల్లగా తుడవండి. రేపటికి సర్దుకుంటుంది. వచ్చేసారి రెండిటినీ తీసుకెళ్లమని కూడా కొందరంటారు. నాకు అంత ఓపిక లేదు.

చుక్కవాళ్లమ్మ · సోమవారం, సాయంత్రం 6:30

థైరాయిడ్ బాగా ఎక్కువ. షుగరు లేదు. కిడ్నీ అంకెలు ఇప్పటికి పర్లేదు. మందు మెథిమజోల్, రోజుకి రెండుసార్లు. మాత్ర ఎలా మింగించాలి దేవుడా.

తెల్లకోటు · సోమవారం, రాత్రి 7:45

జబ్బుకి పేరు తెలిసింది, మంచిదే. ఒక సంగతి ముందే తెలుసుకోండి. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు కిడ్నీలోకి రక్తం ఉరకలేస్తుంది, దాంతో కిడ్నీ అంకె ఉన్నదానికంటే బాగా కనబడుతుంది. మందుతో థైరాయిడ్ దారికొచ్చాక దాగి ఉన్న కిడ్నీ బలహీనత బయటపడొచ్చు. మందే కిడ్నీని పాడుచేసిందనుకుని ఆపేసేవాళ్లున్నారు. ఆపకండి. కొన్ని వారాలకి మళ్లీ రక్తం చూడమనేది అందుకే. వాంతులు, మొహం తెగ గోక్కోవడం కనబడితే ఫోన్ చేయండి.

మాత్ర వేయలేకపోతే ఇదే మందు చెవి లోపలివైపు రాసే జెల్‌గా దొరుకుతుందేమో అడగండి. తొడుగు వేసుకుని రాయాలి, లేకపోతే మీ థైరాయిడ్ మీదా పనిచేస్తుంది. మాత్రే అయితే వెనకాలే కాసిని నీళ్లో, ఒక ముద్ద తిండో పోవాలి. పొడిమాత్ర గొంతులో అంటుకుంటే పుండు పడుతుంది.

నిద్రలేనిరాత్రి · మంగళవారం, ఉదయం 7:15

మేమూ వెళ్లొచ్చాం. వీడియో చూపించాను. తుంటి నొక్కితే అరిచింది, ఇంట్లో ఎప్పుడూ అరవలేదు. నొప్పి మందు మొదలుపెట్టి మూడు రోజులైంది. నిన్న రాత్రి ఒక్కసారే లేచింది. గోడ చూడటం మాత్రం అలాగే ఉంది, దానికి ఇంకో మందు గురించి వచ్చేవారం మాట్లాడదామన్నారు. అయిదు గంటలు ఏకబిగిన నిద్రపోయాను. పేరు మార్చుకోవాలేమో.

గోడమీదపిల్లి · మంగళవారం, రాత్రి 11:20

చుక్కకి మంచి జరుగుతున్నందుకు సంతోషం. నాకు ఇంకా తెగనిది ఒకటుంది. ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది? మాదాన్ని సూదితో శాశ్వతంగా నిద్రపుచ్చమని మేమే అడిగాం. ఒక వారం ముందు అడగాల్సింది. కాదు, రెండు వారాలు. ఆ లెక్క నన్ను వదలట్లేదు.

చీటీలపుస్తకం · బుధవారం, ఉదయం 6:05

అన్నా, నా పిల్లికి నేను రెండురోజులు ముందు చేశానేమోనని నాకూ అనిపిస్తుంది. ముందైనా అనిపిస్తుంది, ఆలస్యమైనా అనిపిస్తుంది.

మాకు అప్పుడు సాయపడింది ఆలిస్ విల్లలోబోస్ అనే పశువైద్యురాలు తయారుచేసిన మార్కుల పట్టిక. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డరోజులకంటే మంచిరోజులు ఎక్కువున్నాయా అని ఏడు అంశాలు. ఒక్కోదానికి పదికి ఇన్ని అని వేయాలి. మొత్తం 35 దాటితే ఇంకా నెట్టుకురావచ్చని ఆవిడ లెక్క. ఇందులో చిక్కేమిటంటే మార్కులు వేసేది మనమే. ఆశ ఉన్నరోజు దండిగా పడతాయి. అందుకని ఇంట్లో ముగ్గురం ఒకరికి తెలియకుండా ఒకరం వేసి, వారానికోసారి విప్పి చూసుకునేవాళ్లం. మా అబ్బాయివి ఎప్పుడూ అందరికంటే తక్కువ. వాడే నిజం చూస్తున్నాడని తర్వాత తెలిసింది.

క్యాలెండర్ మీద మంచిరోజుకి గీత, చెడ్డరోజుకి చుక్క పెట్టినా సరే. మనసు నిన్నటిదే గుర్తుంచుకుంటుంది, క్యాలెండర్ నెలంతా గుర్తుంచుకుంటుంది.

తెల్లకోటు · బుధవారం, ఉదయం 7:20

ఆ రోజు ఏం జరుగుతుందో ముందే అడిగి తెలుసుకోవడం కూడా మంచిది. మామూలుగా ముందు మగతకి ఒక సూది, తర్వాత మత్తుమందు ఎక్కువ మోతాదులో. నొప్పి తెలియదు. కళ్లు మూసుకోవు, ఆగిపోయాక ఒకటి రెండు ఊపిరులు కదిలినట్టు కనబడొచ్చు. అది తెలియక "ఇంకా బతికే ఉందేమో" అని ఏళ్లతరబడి బాధపడినవాళ్లని చూశాను. కొందరు డాక్టర్లు ఇంటికే వస్తారు, అడగండి.

గోడమీదపిల్లి · బుధవారం, ఉదయం 7:31

ఆ ఊపిరి నేను చూశాను.

థాంక్యూ డాక్టరుగారూ.

చుక్కవాళ్లమ్మ · ఆరు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:40

ఈ థ్రెడ్ కింద ఉండిపోయింది, పైకి తెస్తున్నా. చుక్క ఇప్పుడు 3.8. బీపీ 150. రెండో రక్తపరీక్షలో కిడ్నీ అంకె కొద్దిగా పెరిగింది. డాక్టరుగారు ముందే చెప్పి ఉంచారు కాబట్టి కంగారు పడలేదు, తిండి మారుస్తున్నాం. జెల్ దొరికింది, తొడుగు వేసుకుని చెవిలో రాయడం మావారి డ్యూటీ. "నువ్వు అలమారా ఎక్కుతున్నావా" అన్న మనిషే అలమారా పక్కన రెండు మెట్ల స్టూలు చేసి పెట్టారు. రెండో మెట్టుదాకా ఎక్కుతోంది.

బుట్ట ఇంకా హాల్లోనే ఉంది. నిన్న మధ్యాహ్నం చూద్దును కదా, దాంట్లో పడుకుని ఉంది! ఫోన్ తేవడానికి వెళ్లొచ్చేసరికి దిగిపోయి, అది నేను కాదన్నట్టు మొహం పెట్టింది.

గోడమీదపిల్లి · ఆదివారం, రాత్రి 9:55

పైమూత తెరుచుకునేదేనా మీది? కొలతలు చెప్తారా? మా రెండోదానికి 11 వచ్చాయి, మొన్న ఎత్తుకుంటే తేలిగ్గా అనిపించింది.